చేతికర్ర పట్టుకుంటే చిన్నతనమా?

ఆదివారం తెల్లవారుజామున సికింద్రాబాద్ స్టేషన్లో కాజీపేట వైపు రైలెక్కే కుర్రకారును గమనించండి. వీపున బ్యాగు, కాళ్లకు ఖరీదైన బూట్లు, చేతికి అడుగులు లెక్కపెట్టే వాచీ. భువనగిరిలో దిగి కోటగుట్ట ఎక్కే బృందం అది. అంతదూరం వెళ్లే తీరిక లేనివాళ్లకు ఊళ్లోనే మౌలాలి గుట్ట ఉంది. వీళ్ల దగ్గర నీళ్లసీసా నుంచి పవర్ బ్యాంకు దాకా అన్నీ ఉంటాయి. చేతిలో కట్టె మాత్రం ఉండదు.

ఎందుకని అడిగి చూడండి. ‘‘నాకేమైందన్నా? అరవై దాటినంక చూద్దాం తియ్’’ అంటారు.

చిక్కంతా ఆ జవాబులోనే ఉంది. కర్ర పట్టామంటే ముసలితనం వచ్చేసిందని, ఆసరా అడిగామంటే చేతకానివాళ్లమని మన లెక్క. ఈ లెక్క గుట్ట దగ్గరే ఆగితే పెద్ద నష్టం లేదు. కానీ ఆగదు. ఆఫీసులో కొత్త పని అంతుపట్టక రెండు రోజులు తల పట్టుకుని కూర్చుంటాం గానీ, పక్క సీట్లో ఉన్న జూనియర్‌ను అడగం. అడిగితే అలుసైపోతామని భయం. నడుంనొప్పి ముదిరేదాకా డాక్టర్ దగ్గరికి వెళ్లం. అప్పు పీకల మీదికి వచ్చేదాకా ఇంట్లో నోరు విప్పం.

నిజానికి ఆసరా తీసుకోవడం పనితనం ఉన్నవాళ్లు చేసే పని. సరైనదాన్ని ఎంచుకోవాలి. మన కొలతకు సర్దుకోవాలి. బరువు ఎలా మోపాలో తెలియాలి. ఎప్పుడు వదిలెయ్యాలో కూడా తెలియాలి. పని అయ్యాక దాని బాగోగులు చూడాలి. ఈ ఐదూ వరసగా నేర్పే వస్తువు ఒకటుంది. అదే గుట్టలెక్కేవాళ్ల చేతికర్ర, ట్రెకింగ్ పోల్. రెండు ఆదివారాలు చేతపడితే అది నేర్పే పాఠం సోమవారం ఆఫీసులోనూ పనికొస్తుంది.

దిగేటప్పుడు తేలుతుంది లెక్క

మౌలాలి దర్గాకు దాదాపు 500 మెట్లు. ఎక్కేవాళ్ల ముఖాలు కాదు, దిగేవాళ్ల కాళ్లు చూడండి. ఒక పెద్దమనిషి పక్కకు తిరిగి దిగుతుంటాడు. కుడిచెయ్యి పిట్టగోడ మీద, ఎడమచెయ్యి మోకాలి చిప్ప మీద. ముందు ఒక కాలు కింది మెట్టు మీద మెల్లగా ఆనించి, రెండో కాలు కూడా అక్కడికే తెచ్చుకుని, ఒక ఊపిరి తీసుకుని, మళ్లీ ఇంకో మెట్టు. ఆయన్ను దాటుకుంటూ ఓ కుర్రాడు రెండేసి మెట్లు గెంతుతూ పోతాడు. మంగళవారం ఆఫీసు మెట్లు దిగుతూ ‘అమ్మా’ అని రెయిలింగ్ పట్టుకునేది ఆ కుర్రాడే.

కారణం ఇదీ. ఎక్కేటప్పుడు తొడ ముందుభాగం కండరం కుదించుకుంటూ ఒంటిని పైకి నెడుతుంది. గుండె దడదడలాడుతుంది, ఆయాసం వస్తుంది. కానీ ఆగితే ఆ ఆయాసం తీరిపోతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ బ్రేకు వెయ్యాలి. అలా సాగుతూ బరువు మొయ్యడంలోనే కండరం పోగుల్లో సన్నని దెబ్బలు తగులుతాయి. వాటి నొప్పి అప్పటికప్పుడు కాకుండా ఒకటి రెండు రోజులు ఆగి తెలుస్తుంది. ప్రతి అడుగుకూ ఒళ్లు కిందికి పడి ఆగే ఆ అదురు మోకాలి కీలు మీదే పడుతుంది.

1999లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ పరిశోధకులు 25 డిగ్రీల వాలు మీద మనుషుల్ని పోల్స్‌తోనూ, పోల్స్ లేకుండానూ దింపి కొలిచారు. పోల్స్ వాడినప్పుడు మోకాలి మీద పడే భారం 12 నుంచి 25 శాతం దాకా తగ్గింది. ఒక్క అడుగుకు అది చిన్న మొత్తమే. గుట్ట దిగేటప్పుడు వేసే వేల అడుగులకు లెక్కవెయ్యండి.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. కర్ర శ్రమను మాయం చెయ్యదు, పంచుతుంది. కాళ్ల పని కొంత చేతులకు, భుజాలకు వెళుతుంది. గుండె వేగం కాస్త పెరిగినా పెరుగుతుంది. పోల్స్ పట్టుకుంటే అలసటే రాదనుకుని కొంటే మొదటిరోజే మూలన పడేస్తారు. ఏ ఆసరా దగ్గరికైనా ఈ ఎరుకతోనే వెళ్లాలి. మన పని ఇంకొకరు చేసిపెట్టరు, మనం మోయగలిగేలా సర్దిపెడతారు.

గొప్పవాళ్లు సిగ్గుపడలేదు

1953 జులై 3 సాయంత్రం హెర్మన్ బూల్ అనే ఆస్ట్రియన్ పర్వతారోహకుడు 8 వేల మీటర్లు దాటిన నంగపర్బత్ శిఖరాన్ని ఒంటరిగా, ఆక్సిజన్ సిలిండర్ లేకుండా ఎక్కాడు. అంతకుముందు ఆ శిఖరం మీద మనిషి అడుగు పడలేదు. తాను ఎక్కినందుకు గుర్తుగా మంచుగొడ్డలిని, దానికి కట్టిన పాకిస్తాన్ జెండానూ అక్కడే వదిలి, స్కీ కర్రల ఊతంతో దిగడం మొదలుపెట్టాడు. దారిలో చీకటి పడింది. కూర్చునే చోటు కూడా లేని అంచు మీద రాత్రంతా నిలబడే గడిపి, తెల్లారాక దిగి ప్రాణాలతో బయటపడ్డాడు. ప్రపంచంలోనే గట్టి కాళ్లున్నవాళ్లలో ఒకడు కర్రను నామోషీ అనుకోలేదు. స్కీ ఆటగాళ్ల చేతిలోని ఆ కర్రే తర్వాత నడిచేవాళ్ల చేతికి వచ్చింది. పొడవు పెంచుకుని తగ్గించుకునే పోల్‌ను జర్మనీకి చెందిన లేకి కంపెనీ 1974లో ‘మకాలు’ పేరుతో అమ్మకానికి తెచ్చింది.

అంతదూరం ఎందుకు? శివరాత్రికి, ఉగాదికి నల్లమల అడవిలో శ్రీశైలం కాలినడక దారి చూడండి. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం చేరే ఆ దారిలో యువకులూ కర్ర పొడుచుకుంటూ నడుస్తారు. భీముని కొలను లోయలోకి దిగి, మళ్లీ ఎక్కేవాళ్లకు దాని విలువ వేరే చెప్పక్కర్లేదు. తిరుమల అలిపిరి దారిలో 3,550 మెట్లు. మోకాళ్ల పర్వతం అని ఒక ఘట్టానికే పేరుపడింది. 2023 ఆగస్టులో చిరుత దాడిలో ఓ చిన్నారి ప్రాణం పోయాక ఆ దారిలో నడిచే భక్తులకు టీటీడీ చేతికర్రలు ఇచ్చింది. ఇచ్చింది జంతువుల భయానికే అయినా, వయసుతో పనిలేకుండా జనం వాటిని పట్టుకున్నారు. దేవుడి దారిలో రాని నామోషీ ఆదివారం గుట్ట దగ్గర ఎందుకు?

కొనేటప్పుడు నాలుగు మాటలు

జతగానే కొనండి. ఒక్క కర్రతో నడిస్తే ఒళ్లు ఒకవైపు ఒరుగుతుంది. రెండుంటే బరువు సమంగా పడుతుంది. చేతిలో కెమెరా ఉన్నప్పుడు, పక్కన రెయిలింగ్ ఉన్నప్పుడు ఒకటి మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు.

మొదటి జత అల్యూమినియందే అవ్వాలి. కార్బన్ పోల్ తేలిక, ఖరీదెక్కువ. కానీ రాయికి గీసుకుని గాటు పడితే, ఏదో ఒకరోజు చెప్పాపెట్టకుండా పుటుక్కున విరుగుతుంది. అల్యూమినియం వంగుతుంది. అంటే ముందే హెచ్చరిస్తుంది. మన గుట్టలన్నీ గరుకు రాళ్లే కాబట్టి కొత్తవాళ్లకు వంగేదే మేలు.

పెట్టిన పొడవు జారకుండా పట్టే లాక్ కంటికి కనపడాలి. తిప్పి బిగించే ట్విస్ట్ లాక్ చూడ్డానికి నాజూగ్గా ఉంటుంది. బిగిసిందో లేదో బయటికి తెలియదు. చెమట చేతులతో బిగించడమూ కష్టం. క్లిప్పులా వేసే లీవర్ లాక్ పడిందో లేదో చూడగానే తెలుస్తుంది. ఏదైనా సరే, షాపులోనే మీ పొడవుకు పెట్టి, లాక్ వేసి, నిలువుగా నేలకు ఆనించి పైనుంచి ఒంటి బరువంతా మోపండి. వెంట్రుకవాసి జారినా తిరిగి ఇచ్చెయ్యండి.

పిడి మన ఎండకు తగ్గట్టుండాలి. గట్టి రబ్బరు పిడి చెమటకు జారుతుంది, అరచెయ్యి బొబ్బలెక్కుతుంది. ఫోమ్ పిడి గానీ, కార్క్ పిడి గానీ చెమట పీల్చుకుంటుంది. లోపల స్ప్రింగులున్న రకం అంటూ షాపువాళ్లు ఎక్కువ ధర చెబుతారు. కొత్తవాళ్లకు దాని అవసరం లేదు. భాగాలు పెరిగేకొద్దీ బరువు, మరమ్మతు రెండూ పెరుగుతాయి.

ఈ నాలుగింటిలోనూ సూత్రం ఒక్కటే. ఎవరో ఎవరెస్టు బేస్ క్యాంపుకు తీసుకెళ్లారని మీరు అదే కొనక్కర్లేదు. కోచింగ్ సెంటరైనా, డైట్ ప్లానైనా, పోల్ అయినా పక్కవాడి గొప్ప చూసి కాకుండా మన దారి చూసి ఎంచుకోవాలి.

మీ కొలత మీదే

బూట్లు వేసుకుని నిలబడండి. పోల్ మొన పాదం పక్కన నేలకు ఆనించి పిడి పట్టుకోండి. మోచెయ్యి లంబకోణంలో ఉంటే అదే సమతలానికి మీ పొడవు. ఉజ్జాయింపుగా కావాలంటే, సెంటీమీటర్లలో మీ ఎత్తును 0.68తో హెచ్చించండి. 160 సెంటీమీటర్ల మనిషికి 110 దగ్గర, 170 ఉన్నవాళ్లకు 115 దగ్గర వస్తుంది. పోల్ మీద అంకెలు ముద్రించి ఉంటాయి. మీ అంకెను సెల్లో రాసి పెట్టుకోండి.

ఎక్కేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు తగ్గించండి. లేకపోతే భుజాలు చెవులదాకా లేచి మెడ పట్టేస్తుంది. దిగేటప్పుడు అంతే పెంచండి. లేకపోతే నడుం ముందుకు వంగి, తూలి పడతారు. కొండను అడ్డంగా కోసుకుంటూ వెళ్లే దారిలో ఎగువ చేతిలోది పొట్టిగా, దిగువ చేతిలోది పొడుగ్గా ఉండాలి. కడ్డీ మీద ‘స్టాప్’ అని గీత ఉంటుంది. దాన్ని దాటి ఒక్క సెంటీమీటరు కూడా లాగొద్దు. ఆ గీత దాటాక కడ్డీలోపల పట్టు చాలదు, బరువు పడిన చోటే వంగుతుంది.

ఎక్కువమంది చెయ్యనిది ఇదే. పొద్దున ఒకసారి పెట్టిన పొడవుతోనే సాయంత్రం దాకా నడుస్తారు. సర్దడానికి అరనిమిషం ఆగాలంటే బద్ధకం. దారి మారింది, మనం మాత్రం మారం. ఇంటర్లో పనికొచ్చిన చదివే పద్ధతే ఉద్యోగంలోనూ పనికొస్తుందనుకునేవాళ్లు పడే ఇబ్బందీ ఇలాంటిదే. వాలు మారిన ప్రతిచోటా ఆగండి, సర్దుకోండి, తర్వాతే కదలండి.

పట్టీలో ఉంది కిటుకు

పిడికి వేలాడే పట్టీని చాలామంది పోల్ జారిపోకుండా ఉండటానికే అనుకుంటారు. చేతిని పైనుంచి దూర్చి పిడిని గట్టిగా బిగించి పట్టుకుంటారు. గంట తిరక్కుండానే వేళ్లు కొయ్యబారతాయి.

పద్ధతి ఇది. పట్టీలోకి చేతిని కింది నుంచి పైకి దూర్చండి. ఆ తర్వాత పట్టీతో కలిపి పిడిని పట్టుకోండి. అంటే పట్టీ అరచేతికీ పిడికీ మధ్య ఉంటుంది, మణికట్టు వెనక ఆనుకుంటుంది. ఇప్పుడు కిందికి ఒత్తి చూడండి. బరువు వేళ్ల మీద కాక మణికట్టు మీదుగా పట్టీ మీద పడుతుంది. వేళ్లు వదులుగా ఉంచినా పోల్ మీ మాట వింటుంది. అరచెయ్యి పిడికి తగులుతూ ఉండేలా పట్టీ పొడవు సరిచెయ్యండి. ఎడమ, కుడి అని గుర్తులుంటే మార్చకండి.

గట్టిగా బిగించి పట్టుకోవడం ధైర్యం కాదు, భయం. చెయ్యి వదులుగా ఉంచి బరువు మోపగలిగినప్పుడే పోల్‌తో మీకు పొత్తు కుదిరినట్టు.

అడుగు, కర్ర, అడుగు

సమతలం మీద ఎడమకాలు, కుడిచెయ్యి కలిసి కదలాలి. కుడికాలితో ఎడమచెయ్యి. మామూలుగా నడిచేటప్పుడు చేతులు ఊగేది ఇలాగే. ఆలోచిస్తూ వేస్తే తికమక పడతారు. పది గజాలు పోల్స్‌ను ఊరికే ఈడ్చుకుంటూ నడవండి, లయ దానంతటదే కుదురుతుంది.

ఎక్కేటప్పుడు పోల్‌ను పాదానికి దగ్గరగా పొడవండి. ముందుకు చాపి గుచ్చి ఒంటిని లాక్కోవడం దండగ శ్రమ. కొంచెం వెనక్కి నెట్టినట్టు ఒత్తితే ఒళ్లు పైకి లేస్తుంది.

దిగేటప్పుడు ముందు పోల్స్ దిగాలి, తర్వాతే మీరు. మెట్ల మీదైతే రెండు మొనలూ కింది మెట్టు మీద ఆనించి, చేతుల మీద కొంత బరువు తీసుకుని, అప్పుడు కాలు పెట్టండి. మోకాలు కొద్దిగా వంచే ఉంచండి. కాలు కర్రలా చాచి దిగితే అదురంతా కీలుకే. చిన్న అడుగులే వెయ్యండి.

బండరాతి మీద రబ్బరు బుష్ తొడగండి. పోల్ మొన గట్టి కార్బైడ్ లోహం. మట్టిలో, గులకదారిలో అది చక్కగా నాటుకుంటుంది. భువనగిరి లాంటి నున్నటి ఏకశిల మీద కీచుమంటూ జారుతుంది, రాతిమీద గీతలు కూడా పెడుతుంది. రబ్బరు పట్టుకుంటుంది. అడవి మట్టిదారిలో, బురదలో బుష్ తీసేస్తే మొన నాటుకుంటుంది. తడిసి పాచిపట్టిన రాతి మీద రెండింటినీ నమ్మకండి. కాలు ఎక్కడ పెట్టాలో వెతుక్కోవడమే దారి.

వాగు దాటేటప్పుడు నేలకు ఎప్పుడూ మూడు ఆనికలుండాలి. రెండు పోల్స్, ఒక కాలు. లేదా రెండు కాళ్లు, ఒక పోల్. ఒకసారికి ఒక్కటే కదపండి.

ఇంకో లాభం ఎవరూ చెప్పరు. రెండు చేతుల్లో పోల్స్ ఉంటే సెల్‌ఫోన్ జేబులోనే ఉంటుంది. రీల్ తీస్తూ వెనక్కి నడిచే ప్రమాదమూ తప్పుతుంది, గుట్ట మీది గాలీ కాస్త ఒంటికి పడుతుంది.

వదిలెయ్యడమూ విద్యే

ఆసరా దొరికాక దానికే అతుక్కుపోవడం ఇంకో జబ్బు. చేతులతో రాయి పట్టుకుని పాకాల్సిన చోట పోల్స్ అడ్డం. మడిచి బ్యాగుకు కట్టెయ్యండి. మొనలు కిందికి ఉండాలి, లేకపోతే వెనకవాళ్ల కంటికి ప్రమాదం. రాళ్లగుట్టల మధ్య నడిచేటప్పుడు పట్టీల్లోంచి చేతులు తీసెయ్యండి. పోల్ సందులో ఇరుక్కుని మీరు ముందుకు పడితే బొటనవేలో మణికట్టో విరిగేది ఆ పట్టీ వల్లే. జనం కిక్కిరిసిన మెట్ల మీద పోల్స్ ఊపుకుంటూ నడవొద్దు. కోతులున్న చోట వాటిని బెదిరించడానికి అసలే ఎత్తొద్దు.

అంతర్జాతీయ పర్వతారోహణ సమాఖ్య వైద్య విభాగం కూడా ఒక హెచ్చరిక చేసింది. ఎప్పుడూ పోల్స్ మీదే ఆధారపడి నడిచేవాళ్లకు సొంతంగా తూకం నిలుపుకునే నేర్పు మందగిస్తుంది. అందుకే ప్రతి నడకలోనూ సులువైన కొంత దూరం పోల్స్ మడిచి పెట్టి నడవండి. సలహా చెప్పేవాళ్లున్నారు కదా అని చిన్న నిర్ణయానికీ పదిమందికి ఫోన్ చేసేవాళ్లకు ఇదే మందు. కష్టమైనచోట అడగండి, సులువైనచోట మీరే తేల్చుకోండి.

ఇంటికొచ్చాక పావుగంట

ఎక్కువ పోల్స్ గుట్ట మీద పాడవవు, ఇంట్లో పాడవుతాయి. నడిచొచ్చి, మడిచి, తలుపు వెనక నిలబెట్టి స్నానానికి పోతాం. మళ్లీ మూడు నెలలకు తీస్తే లాగినా రావు, లాక్ వేసినా ఆగవు.

ఒకసారి విప్పి చూస్తే ఎందుకో తెలుస్తుంది. బాల్కనీలో పాత పేపరు పరిచి, పోల్ భాగాలు మూడూ విడివిడిగా లాగండి. కింది కడ్డీ చుట్టూ బూడిదరంగు రాతిపొడి ఉంగరంలా పట్టి ఉంటుంది. చెమట, తేమ తగిలిన చోట అల్యూమినియం మీద తెల్లటి పొడి, ముట్టుకుంటే సుద్దలా వేలికి అంటుతుంది. ట్విస్ట్ లాక్ అయితే కడ్డీ చివర చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంటుంది. తిప్పినప్పుడు అది ఉబ్బి లోపలి గోడను పట్టుకోవాలి. దాని గీతల్లోకి సన్న ఇసుక దూరితే ఎంత తిప్పినా ఊరికే తిరుగుతుంది. లాక్ పాడైందని మనం అనుకునేది చాలాసార్లు ఈ చిటికెడు ఇసుకనే.

చెయ్యాల్సింది ఇదీ.

తడిగుడ్డతో ప్రతి కడ్డీనీ తుడవండి. పాత బనియన్ గుడ్డ చాలు. తెల్లపొడి పట్టిన చోట స్కాచ్‌బ్రైట్‌తో మెల్లగా రుద్ది, పొడిగుడ్డతో తుడవండి. ప్లాస్టిక్ ముక్కను పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చెయ్యండి.

విడదీసిన భాగాలను నీడలో రాత్రంతా ఆరనివ్వండి. తడి ఉండగా ఒకదాంట్లో ఒకటి దూర్చడమే అన్ని రోగాలకూ మూలం.

నూనె వెయ్యకండి. కొబ్బరినూనె, కుట్టుమిషన్ ఆయిల్, తుప్పు వదిలించే స్ప్రే, ఏదీ వద్దు. పోల్ నిలబడేది రాపిడి వల్లే. నూనె తగిలితే లాక్ జారుతుంది, బరువు మోపిన క్షణంలో పోల్ ముడుచుకుపోతుంది.

లీవర్ లాక్ వదులైతే పక్కనున్న చిన్న స్క్రూను పావు చుట్టు బిగించి, బరువు మోపి చూడండి. చాలకపోతే ఇంకో పావు చుట్టు. ఒకేసారి బిగించేస్తే లీవర్ విరుగుతుంది, లేదా కడ్డీ నొక్కుకుపోతుంది.

కార్బన్ కడ్డీ అయితే వేలితో నిలువునా తడిమి చూడండి. గోరుకు తగిలే గాటు ఉంటే ఆ భాగం మార్చాల్సిందే. అల్యూమినియం కొద్దిగా వంగితే మోకాలికి ఆనించి సరిచేసే ప్రయత్నం వద్దు. వంచి తీసిన చోటే రెండోసారి విరుగుతుంది.

పట్టీలను సబ్బునీళ్లతో ఉతకండి. చెమట ఉప్పు గట్టిపడితే మణికట్టు ఒరుసుకుపోతుంది. పిడిని తడిగుడ్డతో తుడిస్తే చాలు.

రబ్బరు బుష్ అరిగి లోహం కనిపిస్తుంటే మార్చండి. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగేటప్పుడు పోల్‌ను వెంట తీసుకెళ్లి తొడిగి చూడండి. మామూలు ఊతకర్ర బుష్ దీనికి వదులవుతుంది. కార్బైడ్ మొన గుండ్రంగా అరిగిపోతే మొన భాగం మొత్తం మార్చుకోవచ్చు. వేడినీళ్లలో కాసేపు ఉంచి పట్టకారుతో లాగితే పాతది ఊడొస్తుంది.

చివరగా, లాకులు వదులుగా ఉంచి దాచండి. ఎండలో ఉన్న కారు డిక్కీలో రోజుల తరబడి వదిలెయ్యకండి. విమానంలో వెళ్తే చెకిన్ బ్యాగులోనే వేసుకోండి.

ఇదంతా పావుగంట పని. ఇక్కడే వ్యక్తిత్వం బయటపడేది. గుట్ట ఎక్కేటప్పుడు అందరూ చురుగ్గానే ఉంటారు. ఫొటోలు పెట్టడం అయిపోయాక పోల్ విప్పి తుడిచేవాళ్లే మళ్లీ నెలకూ గుట్ట మీద కనిపిస్తారు. మనకు ఆనికగా నిలిచిన మనుషుల విషయంలోనూ ఇంతే. పరీక్ష గట్టెక్కించిన సీనియర్‌కు, ఇల్లు మారినరోజు సామాన్లు మోసిన మిత్రుడికి అవసరం తీరాక ఒక్క ఫోన్ చెయ్యం. మళ్లీ అవసరం పడినప్పుడు నంబరు వెతుక్కుంటాం. పోల్స్ తుడిచే రోజునే అలాంటి ఒకరికి ఫోన్ చేసి క్షేమం కనుక్కోండి.

నాలుగు వారాల సాధన

మొదటి ఆదివారం: సంజీవయ్య పార్కు లాంటి సమతలం. రబ్బరు బుష్ తొడుక్కుని లయ, పట్టీ పద్ధతి మాత్రమే సాధన చెయ్యండి. వేగం జోలికి పోవద్దు.

రెండో ఆదివారం: మౌలాలి మెట్లు. ఎక్కేముందు పొడవు తగ్గించండి, పైన కూర్చుని నీళ్లు తాగి దిగేముందు పెంచండి. దిగడానికి ఎక్కినంత సమయం తీసుకోండి. సోమ, మంగళవారాల్లో కాళ్ల నొప్పి ఎలా ఉందో గమనించండి.

మూడో ఆదివారం: భువనగిరి కోట. రెయిలింగ్ ఉన్నచోట ఒక పోల్ మడిచి, ఒకచెయ్యి రెయిలింగ్‌కు ఇవ్వండి. చిన్న గుట్టే కదా అని తీసిపారెయ్యకండి. నిజామాబాద్ జిల్లా పాకాల ఊరి అమ్మాయి మాలావత్ పూర్ణ కొండలెక్కడం మొదట నేర్చుకుంది ఈ రాతి మీదే. 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే, తోటి విద్యార్థి ఆనంద్‌కుమార్‌తో కలిసి ఎవరెస్టు ఎక్కింది. శిఖరం మీద కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు. నేర్చుకోవాల్సిందంతా కింద, పడినా దెబ్బ తగలని చోట నేర్చుకోవాలి.

నాలుగో ఆదివారం: వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవి దారి. మట్టినేల కాబట్టి బుష్ తీసేసి మొనతో నడవండి. రాయికీ మట్టికీ తేడా చేతికి తెలుస్తుంది. ఈసారి పోల్స్ లేని స్నేహితుణ్ని వెంట తీసుకెళ్లండి. దిగుడు మొదలైనచోట మీ జతలో ఒకటి ఆయనకివ్వండి. ఇద్దరికీ చెరో కర్ర ఉన్నా, లేనిదానికన్నా నయమే. ఇచ్చేముందు ఆయన ఎత్తుకు సర్ది, లాక్ బిగించి, మీ బరువు ఒకసారి మోపి చూసి ఇవ్వండి.